గుర్తుపట్టిన నెత్తురు

నర్సింగమ్మ చెయ్యి మీద ఏమీ రాలేదు.

రెండు రోజుల కిందట ఇదే మక్తల్ దవాఖానలో ఆమె ముంజేతి చర్మం కింద సన్నటి సూదితో మందు వేశారు. టీబీ క్రిమి ఒంట్లో ఎప్పుడైనా కాపురం పెట్టి ఉంటే, సూది వేసిన చోట చర్మం ఎర్రబడి గట్టిగా ఉబ్బుతుంది. ఎస్తేరు ఆ చేతిని కిటికీ వెలుతురులోకి తెచ్చి వేలితో తడిమి చూసింది. సూది గుచ్చిన జాడ కూడా మిగల్లేదు.

"ఎవ్వరి చెయ్యి పొంగకున్నా ఈమెది పొంగాలె మేడం," అన్నాడు హనుమంతు. ఆ మండలంలో టీబీ వచ్చినవాళ్లకు మందులు అందేలా చూడటం అతని ఉద్యోగం. "పెనిమిటి గదే రోగంతోని పోయిండు. పెద్దకొడుకు పోయిండు. చిన్నోనికి గూడ వచ్చింది, ఆడు బతికిండు. ముగ్గురికీ చాకిరి చేసింది ఈమెనే. ఉన్నది ఒక్క అర్ర ఇల్లు."

నర్సింగమ్మ కొంగుతో చెయ్యి కప్పుకుంది. అరవై దాటిన మనిషి. కందికట్టెలా సన్నగా, నిటారుగా ఉంది.

"నాకేం రాదు డాక్టరమ్మా," అంది. "మా ఊర్ల అందరికెర్క. రోగం గూడ నన్ను జూస్తె జడుస్తదంటరు."

ఆ మాట ఆమె నవ్వుతూ అనలేదు. బాగా నలిగిన మాటను ఇంకోసారి బయట పెట్టినట్టు అంది. ఎస్తేరు మనసులో అది ముల్లులా దిగింది.

ఎస్తేరు మందులిచ్చే డాక్టరు కాదు. హైదరాబాద్‌లో ఒక పరిశోధనశాలలో శాస్త్రవేత్త. పుట్టింది నల్లగొండ జిల్లా కేతేపల్లిలో. తాత బక్కయ్య పరాయి పొలాల్లో జీతగాడిగా బతికి, దగ్గీ దగ్గీ పోయాడు. ఆయన్ని ఆమె చూడలేదు. తల్లి జానమ్మ నాట్లకూ కలుపులకూ పోతూ బిడ్డను చదివించింది. సైన్సు చదివి టీబీ మీదే పనిచేస్తానని ఎస్తేరు చెప్పినప్పుడు, "మీ తాతను తిన్నదానితోని నీకేం పని బిడ్డా," అని జానమ్మ ఒక్కసారే అడిగి, మళ్లీ అడ్డు చెప్పలేదు.

ఎస్తేరు పనంతా రెండు చిన్న ప్రొటీన్ల చుట్టూ తిరుగుతుంది. టీబీ క్రిమి ఊపిరితిత్తుల్లోకి చేరగానే, ఒంటికి కాపలా కాసే కణాలు దాన్ని మింగి లోపల ఒక సంచిలో బంధిస్తాయి. మామూలు క్రిములు చాలావరకు అక్కడే చస్తాయి. టీబీ క్రిమి మాత్రం ఆ రెండు ప్రొటీన్లను జంటగా బయటికి వదులుతుంది. వాటి సాయంతో సంచి గోడకు కన్నం పడుతుంది. దొంగను పట్టి పెట్టిన కాపలావాడి ఇంట్లోనే దొంగ కాపురం పెట్టినట్టు, మింగిన కణంలోనే క్రిమి పిల్లల్ని పెంచుతుంది. శాస్త్రవేత్తలు ఆ జంటను ఈసాట్-6, సీఎఫ్‌పీ-10 అంటారు. పసిపిల్లలకు వేసే బీసీజీ టీకాలోని క్రిమికి ఈ రెండూ లేవు. దాన్ని సాధువుగా మార్చే క్రమంలో వాటి జన్యువులు ఎప్పుడో రాలిపోయాయి. అందుకే ఆ ప్రొటీన్లతో చేసే చర్మ పరీక్ష టీకా వేసుకున్నవాళ్లను చూసి పొరపడదు. నర్సింగమ్మ ముంజేతిలో వేసింది వాటినే.

నెత్తురు తీసి, దానికి ఆ ప్రొటీన్లను చూపించే పరీక్ష ఇంకొకటుంది. అదీ చేశారు. నెత్తురు కూడా పలకలేదు. పరిశోధనశాలలో తోటివాళ్లు తేలిగ్గా కొట్టిపారేశారు. ఆమె వేరే ఇంట్లో ఉండి ఉంటుందనీ, రోగుల దగ్గరికి పోయి ఉండదనీ అన్నారు. అలా అయితే చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎస్తేరుకు మాత్రం ఆ మాట మింగుడు పడలేదు. తానే వెళ్లి చూడాలనుకుంది.

ఆ ఊరు మక్తల్ నుంచి కృష్ణ వైపు పోయే దారికి లోపలగా, కంది చేల మధ్య ఉంది. హనుమంతు బండి మీద తీసుకెళ్లాడు. పక్కింటి గుర్వమ్మ అరుగు మీద కందులు చెరుగుతోంది. నర్సింగమ్మ ఇల్లు ఏదని అడిగితే చాట ఆపకుండానే గడ్డంతో చూపించింది.

"మొగుణ్ణి మింగె, కొడుకును మింగె," అంది. "తనకు మాత్రం తుమ్ము గూడ రాలే. గసొంటి మనిషి నెత్తురు దీస్కపోయి ఏం జేస్తరమ్మా?"

 లోపల నర్సింగమ్మకు ఆ మాటలు వినబడే ఉంటాయి. బయటికి వచ్చి, మొహంలో ఏమీ కనిపించనీయకుండా చాప వేసింది.

నిజంగానే ఒక్కటే గది. బండల గోడలు, కిటికీ లేదు. తలుపు వేస్తే గాలి ఎటూ పోదు. ఆ గాలిలో ముగ్గురు రోగులు ఒకరి తర్వాత ఒకరు దగ్గారు.

"నువ్వు వాళ్ల దగ్గర్నే పండుకునేదానివా అవ్వా?" అని అడిగింది ఎస్తేరు.

"ఆయనకు పండుకోనీకె రాకపోయేది," అంది నర్సింగమ్మ. ఆయన అంటే భర్త కాటమయ్య. మేస్త్రీ వెంట పూణె వైపు కాలువ పనులకు పోయి రోగంతో తిరిగొచ్చాడు. "పండుకుంటె దమ్మొస్తుండె. నేను గోడకానుకొని కూసుంటె, నా రొమ్ముకు ఈపు ఆనిచ్చి కూసుండేటోడు. గట్లనే కునుకు తీసేది ఇద్దరం. ఆయన దగ్గితె నా పానమంత కదులుతుండె."

తర్వాత పెద్దకొడుకు మల్లేశ్ సంగతి చెప్పింది. వాడూ పూణెనే పోయాడు. మందులు మొదలుపెట్టి, ఒంట్లో కొంచెం బాగైందనిపించగానే ఆపేశాడు. పని పోతుందని భయం. తిరిగి వచ్చినప్పుడు ఇద్దరు మనుషులు మోసుకొచ్చి దించారు. చిన్నవాడు వెంకటేశ్ మంచాన పడేసరికి ఆమె ఇక ఎవరి మాటా నమ్మలేదు. ప్రతి గోలీ తానే నోట్లో వేసింది.

"కక్కితె మళ్ల మింగిచ్చిన. తిట్టిండు, చెయ్యి గూడ దోసిండు. అయినా మింగిచ్చిన. ఆడు బతికిండు."

వెంకటేశ్ ఇప్పుడు నారాయణపేటలో ఆటో నడుపుతున్నాడు. భార్య మమత మగ్గం నేసే ఇంటి పిల్ల. అత్తగారింటి పక్కనే కిరాయికి ఉంటున్నారు. వాళ్లకు ఆడపిల్ల పుట్టింది.

"చూడనీకె పోయిన," అంది నర్సింగమ్మ. "మమత తల్లి గడప బయట పీటేసింది. లోపలికి రమ్మనలే. దూరంకెల్లి చూసి వచ్చిన. ఆమెది తప్పని నేననను. ఎవరికైనా పసిపిల్ల మీద భయముంటది. నాకే లోపల అనుమానం బిడ్డా. అది నా ఒంట్ల దాక్కోని, ఒక్కొక్కరికి నేనే అంటిచ్చిన్నేమో. నువ్వు సదువుకున్నదానివి. తీసి చూడు. ఉంటె ఉన్నదని చెప్పు, నేనేం అనుకోను."

డాక్టరమ్మా అన్నది బిడ్డా అయింది.  ఈ గదిలో ఒక మనిషి ఇద్దరికి ప్రాణం పోయేదాకా సేవ చేసింది, మూడోవాణ్ణి మృత్యువు నోట్లోంచి లాగింది. అంతా చేసి, ఆ పాపం తనదేనేమోనని ఇన్నేళ్లుగా మోస్తోంది.

"నీకు ఎక్స్‌రే తీసిన్రు, దగ్గితె వచ్చే కళ్లె చూసిన్రు," అంది ఎస్తేరు నిదానంగా. "నీకు రోగం లేదవ్వా. గదైతె ఖాయం. కానీ క్రిమి అసలు నీ దగ్గరికి వచ్చి పోయిందా, రానే రాలేదా, గది నాకు తెల్వదు. తెలుసుకోవాలంటె నెత్తురు మళ్ల మళ్ల కావాలె."

"తీస్కో. గని ఏం దొరికినా ముందుగాల నాకే చెప్పాలె. పట్నంల పెద్దోళ్లకు గా తర్వాత."

ఎస్తేరు ఒప్పుకుంది.

ఆ తర్వాతి నెలలు పరిశోధనశాలలో గడిచాయి. నర్సింగమ్మ లాంటివాళ్లు, అంటే రోగి పక్కనే ఏళ్లు గడిపినా ఏ పరీక్షకూ చిక్కనివాళ్లు, ఆ జిల్లాలో ఇంకా కొందరు దొరికారు. వాళ్ల నెత్తుటి కణాలకు ఎస్తేరు ఆ ప్రొటీన్లను కొత్త రకంగా చూపించింది. మామూలు పరీక్ష ఒకే ఒక్క సంకేతం కోసం చెవి ఒగ్గుతుంది. ఆ ఒక్కటీ వినబడకపోతే ఏమీ లేదంటుంది. కణాలు వేరే ఏమైనా చెబుతున్నాయేమో వినాలని ఆమె ప్రయత్నం.

మొదటిసారే ఫలితం వచ్చింది. నర్సింగమ్మ నెత్తురు గట్టిగా పలికింది. ఎస్తేరు దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న విజేందర్ మొహం వెలిగిపోయింది.

"రాసేద్దాం మేడం. గింత మంచిగ ఎప్పుడూ రాలే."

"మంచిగ వచ్చిందనే నాకు భయమైతాంది," అంది ఎస్తేరు. "నీ చెయ్యి ఇటు పట్టు."

విజేందర్ ఇంట్లో గానీ చుట్టుపక్కల గానీ ఎవరికీ టీబీ లేదు. అతని నెత్తురు తీసి అదే ప్రొటీన్లు చూపించారు. అదీ అంతే గట్టిగా పలికింది.

సంగతి తెలిసిపోయింది. ఆ ప్రొటీన్లను టీబీ క్రిమి నుంచి నేరుగా తీయరు. వాటి జన్యువును వేరే సాధు క్రిమిలో పెట్టి, దాని చేత చేయించి, తర్వాత కడిగి శుద్ధి చేస్తారు. ఆ సాధు క్రిమి పొట్టు రవ్వంత మిగిలినా ఏ నెత్తురైనా ఉలిక్కిపడుతుంది. ఇక్కడ పలికింది దానికే. నెలల పని మీద ఎస్తేరు గీత కొట్టేసింది. తయారుచేసిన ప్రొటీనంతా పారబోయించింది. విజేందర్ రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

"ఆమె నన్ను ఉంటె ఉన్నదని చెప్పమన్నది," అని మాత్రం అంది ఎస్తేరు. "లేనిది ఉన్నదని పోయి చెప్పాల్నా?"

 మర్నాడు విజేందర్ అందరికన్నా ముందు వచ్చి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

ఈసారి శుద్ధి చేయడానికే చాలాకాలం పట్టింది. విజేందర్ నెత్తురు ఉలక్కుండా పోయేదాకా ప్రొటీన్లను కడుగుతూనే ఉన్నారు. అప్పుడు ఎస్తేరు మళ్లీ మక్తల్ వెళ్లి కొత్తగా నెత్తురు తెచ్చింది. ఏ గొట్టం ఎవరిదో తనకు తెలియకుండా పేర్లు తీసి అంకెలు వేయమని విజేందర్‌కు చెప్పింది. మనసుకు ఒకటి కావాలని ఉంటే కళ్లు దాన్నే చూస్తాయని ఆమెకు తెలుసు.

ఫలితాలు వచ్చాక విజేందర్ అంకెల వెనక పేర్లు చదివాడు. అతని సొంత నెత్తురు మౌనంగా ఉంది. నర్సింగమ్మది మాట్లాడింది. మామూలు పరీక్ష వెతికే సంకేతం అందులో లేదు, కానీ వేరే సంకేతాలున్నాయి. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి. ఆ రెండు ప్రొటీన్లనూ పోల్చి పట్టుకునే యాంటీబాడీలు ఆమె నెత్తుట్లో తయారై ఉన్నాయి. ఆమెలాంటి మిగతావాళ్లలో ఎక్కువమందిలోనూ అంతే. బీసీజీలో ఆ ప్రొటీన్లు లేవు గనుక టీకాతో అవి వచ్చే వీల్లేదు. టీబీ క్రిమిని ఎదురుగా చూసిన ఒంట్లోనే ఆ గుర్తు ఉంటుందని ఎస్తేరు మళ్లీ మళ్లీ సరిచూసుకుంది. కుర్చీలో వెనక్కి వాలి, ఆ కిటికీ లేని గదిని తలుచుకుంది. గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి. ఆమె రొమ్ము మీద దగ్గుతున్న మనిషి. అప్పుడే ఆమె లోపల ఇంకొక పోరు జరుగుతోంది. ఆమెకే తెలియదు.

ఎస్తేరు ఎవరికీ చెప్పకుండా మక్తల్ బస్సెక్కింది.

నర్సింగమ్మ గడపలో కూర్చుని అంతా విన్నది. ఎస్తేరు తేలిక మాటల్లోనే చెప్పింది. దొంగ కన్నం వేసే గడ్డపార లాంటివి టీబీ క్రిమి దగ్గర రెండున్నాయని, ఆమె నెత్తురు వాటిని చూడగానే గుర్తుపట్టిందని.

"అంటె దొంగ మా ఇంటికి వచ్చిండా?"

"వచ్చిండవ్వా. ఒక్కసారి గాదు, ఎన్నోసార్లు వచ్చి ఉంటడు. వచ్చినప్పుడల్లా నీ ఒళ్లు ఆపింది. రోగం నిన్ను ఇడిచిపెట్టలే. నిన్ను జూసి జడువలే. నీతోని కొట్లాడి ఓడిపోయింది."

 నర్సింగమ్మ సంతోషపడుతుందని ఎస్తేరు అనుకుంది. కానీ ఆమె కళ్లు నిండాయి.

"మల్లేశు నా పాలు తాగినోడే గదా," అంది. "నా నెత్తురే గదా ఆనిది. నాకున్న గా బలం ఆనికేమిట్కి రాలే?"

 ఎస్తేరు జవాబు ఉన్నట్టు నటించలేదు.

"నాకు తెల్వదవ్వా," అంది. "ఎవ్వరికీ తెల్వదు ఇంకా. గది తెలుసుకోవాలనే మా తిప్పలు. నీ ఒళ్లు ఎట్ల ఆపిందో తెలిస్తె, గట్లనే ఆపమని మంది ఒళ్లకు నేర్పనీకె టీకా చేయొచ్చు. శానేండ్లు పడ్తది. అవుతదో కాదో గూడ చెప్పలేను."

నర్సింగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అయితె ఇంకా తీస్కో," అంది. "మల్లేశుకు అందలే. ఇంకో తల్లి కొడుక్కన్న అందుతది."

తన తాత దగ్గూ, తన తల్లి అడిగిన ప్రశ్నా ఎస్తేరుకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇన్నేళ్ల చదువులో తాను ఈ పని ఎందుకు చేస్తున్నానో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఆమె నర్సింగమ్మ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. 

తర్వాత నర్సింగమ్మే అడిగింది. "గీ మాట నారాయణపేటల చెప్తవా బిడ్డా? నేను చెప్తె నమ్మరు."

వాళ్లు వెళ్లేసరికి మమత తల్లి బిక్షమ్మ మగ్గం మీద ఉంది. ముదురు ఎరుపు చీర, ఒళ్లంతా గళ్లు, సగం దాకా నేసి ఉంది. వియ్యపురాల్ని చూసి ఆమె నేత ఆపి లేచింది. అలవాటు కొద్దీ పీట కోసం గడప వైపు చూసి, పట్నం మనిషి కూడా ఉండటంతో తటపటాయించింది. మమత లోపలి గదిలోంచి వచ్చి నిలబడింది.

ఎస్తేరు గడప బయటే నిలబడి చెప్పింది. తన పరిశోధనలో తేలింది ఒకటి, దవాఖానలో తేలింది వేరొకటి అని ముందే విడదీసి చెప్పింది.

"ఎక్స్‌రేల ఏం లేదు. కళ్లెల ఏం లేదు. ఈమె ఊపిరితిత్తులల్ల రోగం లేదు. లేని రోగం పిల్లకు అంటదు. గది దవాఖాన మాట. నా మాట ఏందంటె, రోగం ఈమె మీదికి వచ్చింది, ఈమె ఒళ్లు దాన్ని గెలిచింది."

బిక్షమ్మ నేర్పున్న మనిషి. దారం ముడి వెతికినట్టు మాటలో ముడి వెతికింది.

"ఎన్నటికీ రాదని చెప్తవా మరి?"

"చెప్పలేనమ్మా. నాకైనా, నీకైనా, ఈమెకైనా ఎన్నటికీ రాదని ఎవ్వరూ చెప్పలేరు. దగ్గొస్తె చూపిచ్చుకోవాలె, గంతె."

బిక్షమ్మ తల పంకించింది. రాదని ఒట్టేసి ఉంటే ఆమె నమ్మేది కాదేమో. ఈ జవాబు ఆమెకు నచ్చినట్టుంది. నర్సింగమ్మ వైపు తిరిగి, "లోపలికి రా వదినా," అంది. "ఎండల నిలబడ్డవు."

నర్సింగమ్మ కదల్లేదు. కాళ్లకు దారి తెలియనట్టు నిలబడిపోయింది. మమత బయటికి వచ్చి అత్త చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఉయ్యాల్లోంచి బిడ్డను తీసి ఆమె ఒడిలో పెట్టింది. బిడ్డ నిద్రలోనే మూతి ముడిచింది. నర్సింగమ్మ ముద్దు పెట్టుకోలేదు, ఏడవలేదు. బిడ్డ పాదాలు రెండూ తన గుప్పిట్లో పట్టుకుని చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి, "మల్లేశు కాళ్లు గిట్లనే పొడుగు," అంది.

"నాయినమ్మ పోలిక," అంది బిక్షమ్మ వంటింట్లోంచి, చాయ్ గిన్నె దించుతూ.

ఆ తర్వాత కొన్ని వారాలకు ఎస్తేరు మళ్లీ మక్తల్ దవాఖానకు వచ్చింది. నర్సింగమ్మ ఒంటరిగా రాలేదు. పక్కన గుర్వమ్మ ఉంది. చాటతో కందులు చెరుగుతూ మాటలన్న గుర్వమ్మే. ఆమె భర్త కిందటేడు టీబీకి మందులు వాడి బాగయ్యాడు. పరీక్షకు రమ్మని హనుమంతు ఎన్నిసార్లు పిలిచినా ఆమె రాలేదు. నర్సింగమ్మ పోయి వెంటబెట్టుకొచ్చింది.

గుర్వమ్మ చెయ్యి బాగా పొంగింది. ఎక్స్‌రేలో మాత్రం ఏమీ లేదు. క్రిమి లోపల నిద్రపోతోందని, ఇప్పుడే మందు మింగితే అది లేవకుండా ఆపొచ్చని, వారానికోసారి గోలీలు వేసుకోవాలని హనుమంతు చెప్పాడు. గుర్వమ్మ మొహం పాలిపోయింది.

"ఊర్ల తెలిస్తె నన్నేమంటరు," అంది మెల్లగా.

"నన్నన్న మాటలే అంటరు," అంది నర్సింగమ్మ. "నేను సచ్చిన్నా?"

గుర్వమ్మ తల దించుకుంది.  నర్సింగమ్మ బెంచీ మీద జరిగి ఆమెకు చోటిచ్చింది.

అప్పటి నుంచి ప్రతి వారం సంత రోజున నర్సింగమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని పక్కింటికి పోతోంది. గోలీలు గొంతు దిగేదాకా ఎదురుగా కూర్చుంటుంది. మొదటి వారమే గుర్వమ్మ కంగారుగా ఆమె ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"ఒంటికి పోతె ఎర్రగ వస్తాంది. ఏం మింగిచ్చినవే నాకు?"

"మా వెంకటేశుకు గూడ గట్లనే వచ్చింది," అంది నర్సింగమ్మ, పొయ్యి మీద రొట్టె తిరగేస్తూ. "అది మందు రంగు. ఫికర్ జేయకు. కూసో, రొట్టె తిందువు."